మా అమ్మ చీరకు సుంకం

మదనపల్లె మగ్గం మీద నేసి, మదనపల్లె ఇంట్లోనే ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్న చీర తిరిగి మదనపల్లెకు రావడానికి నేను దిగుమతి సుంకం కట్టాను. ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. మా ఆయన అయితే టమోటా మండీలో పదిమందిని పోగేసి మరీ చెప్పి నవ్వించాడు. నవ్వుకోనీ. సుంకం వేసిన ఆఫీసుల మీద నాకు పెద్ద కోపం లేదు. వాళ్ళకు నేనెవరో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నా కోపమంతా నన్ను నోరారా అక్కా అని పిలిచిన ఒక పిల్ల మీద.

నా పని పాత పట్టుచీరలకు రఫూ చేయడం. చిరిగిన చోట వేరే దారం వేసి కుడితే అది అతుకు. అదే చీర లోపలి అంచు నుంచి పోగు లాగి, నేతలో నేత కలిసిపోయేలా సూదితో అల్లితే అది రఫూ. నేను నేతగాడి కూతురిని. పోగు ఎటు పోవాలనుకుంటుందో చూడగానే తెలుస్తుంది. చిన్నప్పుడు మా నాయన మగ్గం గుంట పక్కన కూర్చుని తెగిన పోగులు ముడివేసిన చేతులివి.

పుంగనూరులో ఒక జరీ భాయ్ ఉన్నాడు. మోపెడ్ వేసుకుని చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి పాత జరీ చీరలు కొంటాడు. వాటిని మూసలో కాల్చి వెండి తీయడం వాళ్ళ నాయన నాటి నుంచీ ఉన్న వ్యాపారం. చీర బూడిదైపోతుంది, వెండి గింజ మిగులుతుంది. కాల్చే ముందు మూట నా ముందు విప్పి, “సూడక్కా, నీ రోగులు ఎవురన్నా ఉండారేమో,” అంటాడు. బతికే చీరలు నేను ఏరుకుంటాను. వెండి ధరకే ఇస్తాడు, పైసా తగ్గించడు. అయినా నేను వచ్చేదాకా పొయ్యి వెలిగించడు, నాకు అది చాలు.

అలా బతికించిన చీరలను ఫోన్‌లో ఒక పాత చీరల గ్రూపులో పెట్టి అమ్ముతాను. అంగడి లేదు, బోర్డు లేదు. మా వరండాలో ఒక దండెం, దాని మీద చీర, ఆ చీర ఫోటో. కొనేవాళ్ళు ఎక్కువగా బెంగుళూరు వాళ్ళు, మద్రాసు వాళ్ళు. ఆ పిల్ల ఆ గ్రూపులోనే నాకు తగిలింది. కుప్పం పిల్ల, పెళ్ళయి జర్మనీలో ఉంది. ముందు ఒక నూలు చీర కొనింది. దాన్ని కుప్పంలో మా ఇంటికి పంపక్కా, ఎవరో ఒకరు వచ్చేటప్పుడు తెస్తారు అంది. పంపాను. చేరిందని చెప్పడానికి ఫోన్ చేసింది. అక్కడ మొదలైంది.

తర్వాత చీరల కోసం కాదు, ఊరికే ఫోన్ చేసేది. కడుపుతో ఉంది. నోరు చేదుగా ఉందక్కా అనేది. బొరుగుల ఉగ్గాని ఎలా తాలింపు పెట్టాలో ఫోన్‌లోనే దగ్గరుండి చేయించాను. అక్కడ దొరికే బొరుగులు నీళ్ళలో వేయగానే గుజ్జయిపోతాయని ఏడ్చినంత పని చేసింది. నాకు ఇద్దరూ మగపిల్లలే. వాళ్ళు ఫోన్ చేస్తే “ఏం లేదు”, “సరే”, “పెట్టేస్తాండా” తప్ప నాలుగో మాట ఉండదు. ఈ పిల్ల నా మోకాలి నొప్పికి ఏ మందు పూసుకుంటున్నానో కూడా అడిగేది. నాకు చాలా బాగుండేది, దాచుకోవడం దేనికి.

అమ్మ గురించి అడిగితే, “అమ్మ లేదక్కా,” అంది. గొంతు తగ్గించి చెప్పింది. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని నేను అడగలేదు. కుప్పం ఇంట్లో ఉన్నది పిన్నమ్మ ఒక్కతే అంది.

వానలు వెనకబట్టాక ఒకరోజు మా అమ్మ పెళ్ళిచీరను నీడలో ఆరేశాను. పట్టుచీరను అప్పుడప్పుడూ తీసి మడతలు మార్చాలి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే విరుగుతుంది. లక్కలాంటి ముదురెరుపు అరక్కు రంగు ఒళ్ళు, పచ్చ అంచు, కొంగు చివర వరసగా చింతాకులు. ఆ చింతాకులు ఏ షావుకారు డిజైనులోనూ లేవు. జీవితమంతా కూలికి నేసిన మా నాయన సొంతంగా పట్టు కొని, తన కోసమని నేసుకున్న చీర అదొక్కటే. మగ్గం దిగాక అమ్మకు ఇచ్చి తాళి కట్టాడు. వీడియో కాల్‌లో నా వెనక దండెం మీద ఆ పిల్ల దాన్ని చూసింది.

“అక్కా, అది ఎవురిది? అమ్ముతావా?”

“అమ్మేది కాదు తల్లీ. మా అమ్మది.”

ఆరోజుకు ఊరుకుంది. మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, సీమంతం పెట్టుకున్నామక్కా అంది. “ఈడుండే తెలుగోళ్ళంతా వస్తారు. అందరికీ పుట్టింటోళ్ళు సీర పంపినారు. నాకు ఎవురు పంపుతారు? నువ్వు పెట్టినావంటే పుట్టింటి సీర కట్టుకున్నట్టే గదక్కా. ఊరికే వద్దులే, దుడ్డు పంపుతాను.”

నేను ఆలోచించుకోవడానికి టైము అడిగాను గానీ, ఆ మాట విన్నప్పుడే నా మనసు ఒప్పుకుంది. పెట్టెలో ఉంటే నా కోడళ్ళు కడతారా? ఒక తల్లిలేని పిల్ల నిండు కడుపుతో కట్టుకుంటే మా అమ్మకు అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. తను ఇస్తానన్నది వెండి ధర కన్నా కొంచెం ఎక్కువ, అంతే. బేరం ఆడలేదు. కూతురి దగ్గర బేరమేమిటి? మా ఆయన మాత్రం, “మీ అమ్మ సీరను మొగం తెలీని మనిషికి ఇస్తావా?” అన్నాడు. రోజూ మొగం చూస్తూనే ఉన్నాను కదా అన్నాను.

“కుప్పానికి పంపొద్దక్కా,” అని ఆ పిల్లే చెప్పింది. “పిన్నమ్మ ఊరికి పోయుండాది, ఇల్లు తాళం. నేరుగా ఈడికే పంపు. డబ్బా మీద గిఫ్ట్ అని రాయి, విలువ కొంచెమే రాయి. పన్ను పడదు.”

కానుక అని రాయడానికి నాకేమీ అడ్డం అనిపించలేదు. పుట్టింటి చీరకు మావైపు ధర చెప్పరు. చీరను ఒట్టిగా పంపడం కూడా లేదు. ఒడిబియ్యం మూట కట్టాను. పసుపు, కుంకుమ, వక్కలు, డజను పచ్చ గాజులు పత్తిలో చుట్టి పెట్టాను. చీర మడిచేటప్పుడు కళ్ళ నీళ్ళు పడతాయేమోనని ముఖం పక్కకు పెట్టుకున్నాను.

బస్టాండు దగ్గర కొరియర్ అంగడతను అన్నీ రాసుకుని, “విలువ ఎంత రాయమంటావక్కా?” అన్నాడు.

అక్కడ నాకు చెయ్యి రాలేదు. మా నాయన నేసిన ప్రతి చీరనూ షావుకార్లు వెలుతురుకు పట్టి చూసి, “ఇందులో ఏముందప్పా,” అని కూలి కోసేవాళ్ళు. ఆయన తలొంచుకుని ఇచ్చింది తీసుకుని వచ్చేవాడు. ఒక్కరోజు కూడా తన చీరకు తను ధర చెప్పలేదు. ఇప్పుడు కాగితం మీద ఆ మాట ఆయన కూతురు కూడా రాయాలా? ఈరోజు అంగట్లో అలాంటి చేతినేత చీరకు, అసలు జరీ చీరకు ఎంత అడుగుతారో అంత రాయమన్నాను. కొరియరతను తలెత్తి చూశాడు. “పోతే అంత ఇస్తారు, మంచిదే,” అని రాసుకున్నాడు. రసీదు పట్టుకుని బయటికి వస్తుంటే మా నాయనకు కూలి పెంచినంత సంతోషం అనిపించింది.

ఆ సంతోషం చీర విమానం దిగేదాకా కూడా నిలవలేదు.

ఆ పిల్ల ఫోన్ చేసింది. ఈసారి వీడియో లేదు. “ఎంత రాసినావక్కా డబ్బా మీద? కస్టమ్సోళ్ళు ఆఫీసుకు పిలిపించి నా ఎదురుగానే తెరిసినారు. ఇది పసుపా, ఇది కుంకమా, బియ్యం యాల, ఈ కాయలేంది అని ఒక్కొక్కటి టేబుల్ మీద పెట్టి అడిగినారు. వక్కలంటే ఏమని సెప్పేది వాళ్ళకు? పాత సీరైనా పన్ను కట్టాల్నంట. వాడిందైనా కొత్తదైనా బయటి దేశం నుంచి వస్తే సరుకేనంట. గిఫ్టయినా ఇంత విలువుంటే వదలరంట.”

“నువ్వేమన్నావు?”

“కొనుక్కున్నావా, ఊరికే ఇచ్చినారా అని అడిగినారు. మళ్ళీ వస్తానని సెప్పి వచ్చేసినా. సిన్నది రాయమంటే యాల ఇట్ల రాసినావక్కా?”

చెప్పాను. మా నాయన సంగతి, షావుకార్ల సంగతి అంతా చెప్పాను. విని బాధపడుతోంది అనుకున్నాను. “సరేలే తల్లీ, నువ్వు పంపిన దుడ్డు తిరిగి వేసేస్తాను. దాంతో పన్ను కట్టుకో. సీర నీకు పుట్టింటోళ్ళు పెట్టిందనుకో,” అన్నాను.

“నువ్వు నా తల్లివక్కా. రేపే పోయి తెచ్చుకుంటాను,” అంది.

మా పెద్దవాడితో చెప్పి ఆరోజే డబ్బు తిరిగి వేయించాను. ఇప్పుడిక అది నిజంగానే కానుక, రాసింది రాసినట్టే అయింది అని తృప్తి పడ్డాను కూడా.

తర్వాత ఆ పిల్ల ఫోన్ ఎత్తలేదు. నెలలు నిండుతున్నాయి, ఒంట్లో బాగుందో లేదో అని నేను ఇక్కడ దిగులు పెట్టుకున్నాను. ఉండబట్టలేక కొరియర్ అంగడికి పోయాను. అతను పై ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

“వద్దన్నారంటక్కా. పంపిన మనిషెవురో తెలీదని సెప్పినారంట. వాపసు వస్తాండాది.”

తెలియదు. నా మోకాలికి ఏ మందు పూసుకుంటానో తెలిసిన పిల్లకు నేను తెలియదు. నా వంటింట్లో తాలింపు గిన్నె ఎక్కడ పెడతానో ఫోన్‌లోనే చూసి చెప్పగలిగిన పిల్లకు నేను తెలియదు. పన్ను ఎక్కువైంది, నాకొద్దక్కా అని ఒక్క మాట అని ఉంటే నేనేమైనా కొరుక్కుతినేదాన్నా? తిరిగి వేసిన డబ్బు సంగతి కాదు, అది తనదే. మా అమ్మ చీరను టేబుల్ మీద పరిచిపెట్టి, దాన్ని పంపినామె ఎవరో తెలియదని చెప్పింది చూడు, అది నాకు ఈనాటికీ మింగుడు పడదు. అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే గుర్తొచ్చేది. “నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు,” అన్నాడు మా ఆయన. అప్పుడు మాత్రం నవ్వలేదు.

గ్రూపులో పెట్టి అందరికీ చెప్పేద్దామని చాలాసార్లు రాసి చెరిపేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అమ్మ చీర అమ్ముకుందట అన్న మాటే ముందు పుడుతుంది.

చీర బెంగుళూరు దాకా వచ్చి ఆగింది. కొరియరతనే ఫోన్ చేసి పిలిచాడు. సుంకం కడితేనే వదులుతారట.

“నా సీరకు నేను కట్టేదేందప్పా? ఈడ నుంచే గదా పోయింది?”

“నువ్వు కానుకని రాసినావక్కా. కానుకిచ్చేసినాక అది నీది కాదంట. అమ్మకానికి పంపినట్టు కాగితాలుంటే వాపసు సరుకని అడగొచ్చంట. ఇప్పుడు ఆ దేశం నుంచి నీకు పాత బట్ట వస్తాండాదని లెక్క.”

“దాని కొంగున మా నాయన నేసిన సింతాకు ఉండాది. మదనపల్లెది కాకపోతే అది యాడిది?”

“అది వాళ్ళకు తెలీదు గదక్కా.”

సుంకం దేని మీద లెక్కగట్టారు అంటే, నేను రాయించిన విలువ మీదే. మా నాయన గొప్ప చూపిద్దామని రాయించిన అంకె రెండు దేశాల గడపల దగ్గరా నాకే అడ్డం పడింది. కట్టకపోతే ఏమవుతుంది అని అడిగాను. ఆడే ఉండిపోతాది, తర్వాత ఏం చేస్తారో నాకు తెలీదు అన్నాడు. రోజులు గడిచేకొద్దీ గోదాము అద్దె కూడా పడుతుందన్నాడు.

ఆ వేళకు నా దగ్గర అమ్మకానికి సిద్ధమైన పట్టుచీరలు రెండున్నాయి. రెండూ భాయ్ మూటలోంచి బతికించి తెచ్చుకున్నవే. ఒకదాని కొంగు పూర్తిగా చిల్లులు పడితే కళ్ళు గుంజేదాకా కూర్చుని బాగు చేశాను. గ్రూపులో పెడితే మంచి ధర వస్తుంది, కానీ ఎప్పుడు వస్తుందో తెలియదు. రెండూ సంచిలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను.

భాయ్ చీరలు విప్పి, నా రఫూ మీద వేలు పెట్టి చూశాడు. ఎక్కడ చిరిగిందో అతనికి కూడా దొరకలేదు.

“వీటిని నువ్వే గదక్కా తీస్కపోయింది. మళ్ళా నా పొయ్యిలోకే తెస్తివే?”

“అవసరం వచ్చింది భాయ్.”

“రెండు దినాలు కాల్చకుండా పెడతా. తిరిగొస్తే తీస్కపో. ఇంక అంతకు మించి నా చేతిలో లేదక్కా, నాకూ మార్కెట్టు ఉండాది.”

తూకం వేసి వెండి ధర చేతిలో పెట్టాడు. నేను తిరిగి పోలేదు. పోవడానికి నా దగ్గర ఏముంది? నా చేత్తో బతికించినవాటిని నా చేత్తోనే పొయ్యికి ఇచ్చి, అమ్మ చీరను తెచ్చుకున్నాను. ఆ పని నా చేత చేయించింది ఆ పిల్లే. ఆఫీసుల్లో వాళ్ళకు వాళ్ళ రూల్సు ఉన్నాయి, భాయ్‌కి అతని పొయ్యి ఉంది, ఎవరినీ అనడానికి లేదు. ఆ పిల్లకు ఏముందని?

డబ్బా వచ్చింది. బియ్యం లేవు, పసుపు కుంకుమలు లేవు, వక్కలు లేవు. గాజులు మాత్రం పత్తిలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా పగల్లేదు. చీరను ఎవరో మళ్ళీ మడిచారు. నేను మార్చిన మడతల మీద కాదు, పాత గీత దొరికితే దాని మీదే గట్టిగా నొక్కి మడిచారు. విప్పితే అరచెయ్యి పొడవున పట్టు విరిగి ఉంది. లోపలి అంచు నుంచి మా నాయన పోగులే లాగి రఫూ చేశాను. అమ్మ చీర మీద నేను సూది పెట్టడం అదే మొదలు. పని చేస్తున్నంతసేపూ ఆ పిల్లను తిట్టుకుంటూనే ఉన్నాను, నాకు వచ్చిన తిట్లన్నీ అయిపోయేదాకా.

అది పూర్తయ్యాక చీర కట్టుకున్నాను. ఎప్పుడూ కట్టని చీర. గాజులు సంచిలో వేసుకుని కుప్పం బస్సెక్కాను. నూలు చీర పంపినప్పటి అడ్రసు నా ఫోన్‌లోనే ఉంది. ఆ పిన్నమ్మ ఊరి నుంచి వచ్చి ఉంటే, ఈ గాజులు ఆమె ముందు పెట్టి, మీ పిల్ల నన్ను తెలియదని ఎందుకు చెప్పిందో మీరే అడిగి చెప్పండి అనాలని నా ఉద్దేశం. పలమనేరు దాటి బస్సు పోతున్నంతసేపూ మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

తలుపు తీసినామె నా ఈడు మనిషి. నన్ను చూడకముందే చీరను చూసింది.

“మదనపల్లె నుంచి వస్తాండానమ్మా, సీరల...” అని మొదలుపెట్టానో లేదో, “సీరలు అమ్మే ఆమెవా? రామ్మా, లోపలికి రా. ఎండలో వచ్చినావు,” అని ఫ్యాను వేసి, మజ్జిగ ఇచ్చింది. తాగుతూ తలెత్తితే ఎదురుగా గోడ మీద ఫోటో. ఆ పిల్ల నిండు కడుపుతో కుర్చీలో కూర్చుని ఉంది. ఆ పిల్ల చేతికి గాజులు తొడుగుతున్నది ఇప్పుడు నాకు మజ్జిగ ఇచ్చిన ఈమే.

“నా కూతురమ్మా,” అంది నా చూపు పట్టుకుని. “ఒక్కతే కూతురు. సీమంతానికని జర్మనీకి పోయి నెలలు ఉండొస్తి. పోయిన వారమే వచ్చినా.”

పిన్నమ్మ కాదు. అమ్మ. ఇల్లు తాళం వేసి ఈమె పోయింది ఆ పిల్ల దగ్గరికే. కస్టమ్సు సంగతి చెప్పిన రోజు ఫోన్‌లో వెనక గిన్నెల చప్పుడు వినపడింది, మొగుడనుకున్నాను. అమ్మ లేదని గొంతు తగ్గించి చెప్పింది దుఃఖంతో కాదు, నా జాలి కోసం.

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని కొంగు చేతిలోకి తీసుకుంది. చింతాకుల మీద వేలు రాసింది. “ఎంత బాగుండాదమ్మా. అసలు జరీ గదా? మా పాపకు పట్టంటే ప్రాణం. ఆడికి ఎవురో ఆన్‌లైన్‌లో ఆమె పాత సీర పంపతానని, విలువ ఎక్కువ రాసి ఇరికించిందంట. కస్టమ్సోళ్ళ ముందు మా పాప ఎంత అవమానపడిందో. మోసగత్తెలమ్మా కొందురు. నువ్వు నెమ్మదిగా కనపడతాండావు. ఇది అమ్ముతావా?”

నేను కూర్చుకుని వచ్చిన మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. మీ పాప మిమ్మల్ని చంపి నా దగ్గర చీర అడిగింది అని ఒక్క మాట అంటే చాలు. ఆమె ఇంకా చింతాకులు తడుముతూనే ఉంది, మా అమ్మ తడిమినట్టే. ఇది అమ్మేది కాదమ్మా అన్నాను.

“పోనీలే,” అంది. తర్వాత ఫోటో వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. “మా పాప నీకు ముందే తెలుసా ఏమి, అట్ల సూస్తాండావు?”

“తెలీదమ్మా,” అన్నాను.

కొంగు ఆమె చేతిలోంచి తీసుకుని, బస్సుకు టైమైందని చెప్పి లేచాను. గాజులు నా సంచిలోనే ఉండిపోయాయి.